కరామా గదిలో పెట్టె తాబేలు

జంతువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యానని తెలిస్తే, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు నా చేతుల వంక చూస్తారు, గాట్లు ఎన్ని ఉన్నాయో అని. ఉన్నాయి. మోచేతి దగ్గరిది ఒక తెల్ల పిల్లి పెట్టింది. బొటనవేలి మీదిది ఒక చిలక చేసిన పని. "మా చిలక ఎవరినీ ఏమీ అనదండీ" అని యజమాని చెబుతుండగానే కొరికింది. ఈ కథలు పిల్లలకు బాగా నచ్చుతాయి. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన రోగి నన్ను కరవలేదు, గీరలేదు, నోరెత్తి అరవలేదు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన తాబేలు పిల్ల అది. మీకు దాని సంగతి చెబుతాను.

మాది నెల్లూరు. దుబాయ్‌లో ఆ ఆసుపత్రిలో చేరినప్పుడు నా పని నేల తుడవడం, బోనులు కడగడం. తర్వాత కుక్కలకు స్నానాలు, ఆ తర్వాత మందులు వేయడం, చివరికి ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరమ్మకు ఎదురుగా నిలబడేదాకా వచ్చాను. డాక్టరమ్మ మలయాళీ. నాతో హిందీలో మాట్లాడేది. నేను మా ఇంటి ఉర్దూను కాస్త ఇస్త్రీ చేసి జవాబిచ్చేదాన్ని. మాది పిల్లులూ కుక్కలూ చూసే చోటు. అప్పుడప్పుడూ ఓ కుందేలు, ఓ చిలక. తాబేళ్ళంటే మాకు తెలిసింది గాజు తొట్టిలో పెంచుకునే నీటి తాబేళ్ళే. వాటికి కూడా గోళ్ళు కత్తిరించడం తప్ప మేం చేసిన వైద్యం పెద్దగా ఏమీ లేదు.

2020లో, కరోనా అన్న మాట అప్పుడప్పుడే అందరి నోళ్ళలో పడుతున్న రోజుల్లో, ఒక మనిషి ఖర్జూరాల డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చెప్పుల వంక చూసుకుంటున్నాడు. చెప్పులనిండా మట్టి.

"మేడమ్, హిందీ ఆతా?" అన్నాడు.

"ఆతా గానీ, ముందు లోపలికి రా నాయనా," అన్నాను. అతని మొహం చూస్తే మట్టి తప్ప ఇంకేమీ తెలియకపోయినా, ఆ హిందీలో తెలుగు తెలిసిపోయింది.

అతని ముఖం విప్పారింది. "మీరు మనోళ్ళేనా! బతికిన పో." కరీంనగర్ వైపు మనిషి. ఇంటర్నేషనల్ సిటీ పక్కనున్న మొక్కల నర్సరీలలో ఒకదాంట్లో మాలీగా చేస్తున్నాడు. డబ్బా మూత తీశాడు. తడి గోనెగుడ్డలో నల్లటి చిన్న ముద్ద. "మలేషియాకెళ్లి కంటెయినర్ల చెట్లొచ్చినయ్. కుండీల మట్టి దీస్తుంటే ఖుర్పీకి తాకింది. రాయనుకున్న. తీసి చూస్తే రాయికి కాళ్ళున్నయి."

చిప్ప అంచున, వెనకవైపు, మట్టి తవ్వే ఆ ఖుర్పీ తగిలినచోట చీలిక ఉంది. అతను ఆ చీలికను చూసినప్పుడల్లా కళ్ళు తిప్పుకుంటున్నాడు.

"మా ముదీర్, మేనేజరు, పారెయ్యమన్నడు. పానమున్నదాన్ని ఎట్ల పారేస్త మేడమ్? నేనే కొట్టిన గదా."

డాక్టరమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. చీలిక శుభ్రం చేసి, అంచులు కలిపి, పైన పలచగా మందు జిగురు పూసింది. అది ఆరేదాకా తడి తగలకూడదంది. గుండ్రంగా ఎత్తుగా ఉన్న చిప్పను వేలితో తడిమి, "భూమి తాబేలు పిల్ల. ఆకులు తింటుంది," అని తేల్చేసింది. నేనూ అవునన్నాను. అంత ఎత్తు చిప్ప ఉన్నది నేల మీద తిరిగేదే అయి ఉంటుందని ఇద్దరికీ తోచింది. ఆ తోచడమే మా కొంప ముంచబోయింది.

ఇలాంటి అడవి ప్రాణిని ఎవరికి తోస్తే వాళ్ళు పెంచుకోకూడదు. డాక్టరమ్మ ఆరోజే సంబంధిత అధికారులకు ఫోన్ చేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ప్రస్తుతం ఎక్కడికీ తరలించే వీలు లేదనీ, ఏర్పాటు అయ్యేవరకు మా సంరక్షణలోనే ఉంచమనీ అన్నారు. అంతలోనే ఊరు మూతపడింది. బయట అడుగు పెట్టాలంటే ఫోన్‌లో అనుమతి తీసుకోవాలి. మా ఆసుపత్రి అత్యవసర కేసులకు మాత్రమే, అదీ రోజు విడిచి రోజు, తెరవాలని నిర్ణయమైంది. వార్డులో రాత్రిపగలు ఉండే మనిషి లేడు. పిల్లులను వాటి యజమానులు తీసుకుపోయారు. ఆ పెద్ద ఖాళీ వార్డులో ఖర్జూరాల డబ్బా ఒక్కటే మిగిలింది.

"మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ఇది వాటికి బంతిలా కనిపిస్తుంది," అంది డాక్టరమ్మ. తర్వాత నా వంక చూసి ఇంకేమీ అనలేదు. ఆమెకు అదొక అలవాటు. అడగదు, చూస్తుంది.

అలా అది కరామాలోని మా గదికి వచ్చింది.

మా ఫ్లాటు సంగతి చెప్పాలి. ఫ్లాటు మొత్తం ఒక హైదరాబాదు పెద్దామె పేరున ఉంది, అందరం ఆమెను ఆపా అంటాం. ఒక గదిలో తను, మిగతా గదుల్లో మాలాంటి ఆడవాళ్ళం. నా గదిలో ఉండే మరొకామె సెలవుకు ఇండియా వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. కాబట్టి నేనూ, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మా మాత్రమే ఉన్నాం. చెల్లెమ్మ ఆఫీసుల్లో క్లీనింగ్ చేసేది. ఊళ్ళో బీడీలు చుట్టే తల్లీ, చదువుకునే కూతురూ ఉన్నారు. ఆఫీసులు మూసేయగానే ఆమె కంపెనీ ఇంట్లో కూర్చోమంది. ఎప్పుడు రమ్మంటారో చెప్పలేదు. అప్పటినుంచి ఆమె మంచం దిగడం మానేసింది. ఫోన్ మోగితే బోర్లా పెట్టేది. వంట చేసి పిలిస్తే రెండు ముద్దలు తిని చేయి కడిగేసేది.

ఆపా నా చేతిలో డబ్బా చూడగానే చేయి అడ్డం పెట్టింది. "యే క్యా లాయీ? నా ఫ్లాట్ల కుక్క లేదు, పిల్లి లేదు అని నీకు మొదటి దినమే చెప్పిన కదా!"

"కుక్కా కాదు, పిల్లీ కాదు ఆపా. తాబేలు."

"తాబేలైతే క్యా, జాన్వరే గదా!"

ఆపా టీవీ మీద గాజు తాబేలు ఒకటుండేది. ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెబితే కొనుక్కుంది. నేను దాని వంక చూశాను. ఆపా కూడా చూసింది. కాసేపటికి, "వంటింట్లోకి రాకూడదు. లాక్‌డౌన్ ఖతమ్ అయినంక ఒక్క దినం కూడా ఉండకూడదు," అని షరతు పెట్టి తలుపు వదిలింది.

గదిలో మాత్రం అంత తేలిగ్గా కాలేదు. జగిత్యాల చెల్లెమ్మ మంచం మీద కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది. "అక్కా, ఇంట్ల తాబేలా? మా దిక్కు అరిష్టమంటరు. అసలే రోగం రోజులు."

"నా మంచం కింద ఉంటుందిలేమ్మా. నీవైపు రానీయను."

"నేనైతే ముట్ట. చూడ గూడ చూడ."

ముట్టొద్దనే నేనూ చెప్పాను. తాబేళ్ళ ఒంటి మీద మనకు కడుపు జబ్బు తెచ్చే క్రిములు ఉండొచ్చు. దాని గిన్నె, దాని బ్రష్, దాని గుడ్డ వేరు. ముట్టుకున్న చేయి సబ్బుతో కడగకుండా తలుపు గడియ కూడా పట్టుకోకూడదు. ఇంట్లో జంతువును పెట్టుకోవాలనుకునే ప్రతివారికీ నేను మొదట చెప్పేది ఇదే, ముద్దు చేయడం తర్వాత.

ప్లాస్టిక్ పెట్టెలో ఇసుక, దాని మీద ఎండిన కొబ్బరి పీచు, ఒక మూల తలదాచుకోవడానికి బోర్లించిన కుండ పెంకు. పొద్దున్నే బాల్కనీలో లేత ఎండ. పాలకూర, కీర ముక్క, గుమ్మడి తురుము. డాక్టరమ్మ చెప్పినట్టే అన్నీ చేశాను. జిగురు ఆరింది, చీలిక కుదురుకుంది. కానీ అది తినడం లేదు. పాలకూర మీదినుంచి నడిచిపోయి కుండ పెంకు కింద దూరేది. కొత్త చోటు గదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాం. వారం గడిచింది. మెడ మీది తోలు పొట్టు లేవసాగింది. నాకు అది ఎడారి గాలికి మన పెదవులు పగిలినట్టే అనిపించింది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి చెల్లెమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. చూడను అన్న మనిషి నా మంచం కిందికే చూస్తోంది.

"అక్కా, అది పొద్దటి నుంచి కండ్లు తెరవలే."

"నిద్రపోతా ఉందేమో."

"నడుస్తున్నది అక్కా. కండ్లు మూసుకుని నడుస్తున్నది. గోడకు గుద్దుకుంటున్నది."

తీసి చూశాను. రెండు రెప్పలూ ఉబ్బిపోయి, బఠానీ గింజల్లా బయటికి వచ్చాయి. కళ్ళు వాటి వెనక ఎక్కడో ఉన్నాయి. చేతిలో బరువు తెలియడం లేదు. ఎన్నో జంతువులు నా చేతుల్లో పోయాయి. పోయే ముందు చేతికి తెలుస్తుంది. ఆ సాయంత్రం నా చేతికి అదే తెలిసింది.

డాక్టరమ్మకు వీడియో కాల్ చేశాను. ఆమె ఇంకా దగ్గరగా పట్టుకోమని చూసింది. "నాకు తెలియడం లేదు," అంది. ఆమె నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. కానీ అక్కడితో వదిలేసే మనిషి కాదు. తనతో చదువుకున్న ఒకాయన మలేషియాలో అడవి జంతువుల వైద్యుడిగా ఉన్నాడట. చాలా ఏళ్ళుగా మాటల్లేకపోయినా, నంబరు వెతికి పట్టుకుని, ఆయన్ను కూడా అదే కాల్‌లోకి తెచ్చింది. నేను తాబేలును ఫోన్ ముందు పట్టుకున్నాను. ఆయన దాని తల పక్కనున్న పసుపు చారలు చూశాడు. వెల్లకిలా తిప్పమన్నాడు. కాలి వేళ్ళు విడదీసి చూపించమన్నాడు. వేళ్ళ మధ్య బాతు కాలికి ఉన్నట్టు పలచటి పొర ఉంది. అన్ని రోజులుగా దాన్ని ఎత్తి దించుతున్నా నేను దాని పాదాలు చూడలేదు.

"దీని నీళ్ళు ఎక్కడ?" అని అడిగాడాయన.

తాగడానికి పెట్టిన సీసా మూత చూపించాను.

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, తలపట్టుకుని నవ్వే నవ్వు. "ఇది పెట్టె తాబేలు. పెద్దయ్యాక చిప్ప అడుగుభాగం తలుపులా మూసుకుంటుంది, అందుకే ఆ పేరు. పిల్లగా ఉన్నప్పుడు రోజులో ఎక్కువసేపు నీళ్ళలోనే ఉంటుంది. వానపాములు, నత్తలు, పురుగులు తింటుంది. మీరు దీన్ని ఎడారిలో పెట్టారు."

"మేముండేది ఎడారిలోనే కదా," అంది డాక్టరమ్మ నీరసంగా.

ఆయన తిట్టలేదు. ఏం చేయాలో వివరంగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక డాక్టరమ్మ నాతో, "మనిద్దరం దాని వీపు చూసి పేరు పెట్టాం, కాళ్ళు చూడలేదు," అంది. ఆ తర్వాత మా ఆసుపత్రికి కొత్త రకం ప్రాణి ఏది వచ్చినా ఇద్దరం ముందు దాని పాదాలు చూసేవాళ్ళం. పాముతో కొంచెం ఇబ్బంది అయింది గానీ.

మర్నాడు డాక్టరమ్మ విటమిన్ సూది వేసింది. కంటికి మందు ఇచ్చింది. ఇసుక పారేశాను. పెట్టెలో గోరువెచ్చని నీళ్ళు, గడ్డం మునిగేంత మాత్రమే. అది ఎక్కి కూర్చోవడానికి ఒక వాలు రాయి. ఆవిరి నిలిచేలా పైన చిల్లుల మూత. ఇక మిగిలింది తిండి. లాక్‌డౌన్‌లో, కరామాలో, వానపాములు ఎక్కడ దొరుకుతాయి?

మాలీకి ఫోన్ చేశాను. అతను ప్రతి రెండు రోజులకూ "ఎట్లున్నది మేడమ్" అని మెసేజ్ పెడుతూనే ఉన్నాడు. బాగోలేదని చెప్పలేక దాటేస్తూ వచ్చాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"వానపాములా? అగో, మా ఎరువు కుప్పల గంపలకొద్దీ ఉన్నయ్ అక్కా." మేడమ్ పోయి అక్కనయ్యాను. "చెట్లకు నీళ్ళు పట్టేటోళ్ళకు పర్మిషన్ ఉన్నది. మా పక్కకెళ్లి కూరగాయల బండి కరామాకొస్తది. ఆయనకిస్త."

ఆ బండి వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. కూరగాయల సంచీ ఆపా అందుకుంది. కొత్తిమీర కట్ట పక్కనే పెరుగు డబ్బా ఒకటుంటే, నాకోసం ఎవరో పెరుగు పంపారనుకుని ఫ్రిజ్‌లో పెట్టబోయి, ఎందుకో అనుమానం వచ్చి మూత తీసింది. తర్వాత ఏం జరిగిందో చెల్లెమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ ఆపా కొంచెం ఎక్కువ ఎత్తు ఎగిరేది.

"'యా అల్లా, దహీ మే సాఁప్!' పెరుగుల పాములని ఒక్కటే ఒర్రుడు అక్కా. డబ్బా ఆడ, ఆమె ఈడ. కుర్చీ ఎక్కి నిలబడ్డది. వంటింట్ల అంతా పాకుతున్నయ్. నేనే చీపురు పట్టుకుని ఏరిన."

చెబుతూ చెబుతూ నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వు విని ఎంతకాలమైందో. ఆరోజు ఆమె పిలవకుండానే వచ్చి అన్నం వడ్డించుకుంది.

ఆపాకు క్షమాపణ చెప్పుకున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "తిన్నదా నీ షహజాదీ?" అని తలుపు దగ్గర నిలబడే అడిగింది.

తినలేదు. రోజూ నీళ్ళలో ఒక పురుగు ముక్క వదిలేదాన్ని, గంట తర్వాత తీసి పారేసేదాన్ని. రెప్పల వాపు మాత్రం నెమ్మదిగా దిగుతోంది. ఒక ఉదయం ఎడమ కన్ను కొంచెం తెరుచుకుంది. నారింజ రంగు కన్ను. నీళ్ళలో కదిలే పురుగును ఆ ఒంటి కన్నుతో చూసింది. మెడ చాచి నోరు తెరిచి ఒక్క పట్టు పట్టింది. గురి తప్పి రాయిని కొరికింది. మళ్ళీ పట్టింది. ఈసారి పురుగు చివర దొరికింది. ముందుకాళ్ళతో లాగుతూ, తల విదిలిస్తూ, తనకంటే పొడుగున్న దానితో యుద్ధం చేసింది. నేనూ చెల్లెమ్మా నేల మీద బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి చూశాం.

"గుంజు, గుంజు!" అంటోంది చెల్లెమ్మ.

అది మింగేసి, మా వంక చూసి, నీళ్ళలోకి జారిపోయింది.

అక్కడినుంచి మెరుగైంది. రెండో కన్నూ తెరిచింది. మెడ మీద కొత్త తోలు వచ్చింది. ఊళ్ళో ఆంక్షలు సడలాయి, ఆసుపత్రి మళ్ళీ కిటకిటలాడింది. మూసుకున్న రోజుల్లో కుక్కలను కొనుక్కున్నవాళ్ళందరూ ఒకేసారి మా దగ్గరికి వచ్చినట్టుంది. చెల్లెమ్మకు మాత్రం కంపెనీ నుంచి పిలుపు రాలేదు. ఇండియా వెళ్ళే విమానానికి పేరు రాయించుకుంది. వెళ్ళాలనీ లేదు, ఉండడానికి పనీ లేదు. నేను పనికి వెళ్ళినప్పుడు తాబేలును చూడమని చెప్పాను. చూసేది. పురుగును చిమటాతో పట్టుకుని వేసేది. చేతితో మాత్రం తాకేది కాదు.

అలాంటి రోజుల్లో, నడి వేసవిలో, మా భవనం ఏసీ చెడిపోయింది.

నేను ఆపరేషన్ గదిలో ఉన్నాను. ఒక కుక్క గుడ్డ బంతి మింగేసింది. పొట్ట కోసి తీస్తున్నాం. బయట నా ఫోన్ ఆగకుండా మోగుతోంది. రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసి, "మీ గది నుంచి. ఏడుస్తోంది," అంది. డాక్టరమ్మ తలెత్తకుండానే, "స్పీకర్‌లో పెట్టు," అంది.

"అక్కా, ఏసీ బందయింది. గదంత పొయ్యి లెక్క ఉన్నది. తాబేలు కాళ్ళు కొట్టుకుంటున్నది. మూతికాడ నురుగొస్తున్నది."

వెలుతురు కోసం పెట్టెను మంచం కిందినుంచి నేనే కిటికీ కిందికి జరిపాను. మూత ఉంది. లోపల నీళ్ళు వేడెక్కిపోయి ఉంటాయి.

"మూత తీసేయ్. దాన్ని బయటికి తియ్యి."

"చిమటా తోటి వస్తలేదు అక్కా. జారుతున్నది."

"చేత్తో తియ్యి."

చిమటా పెట్టెకు తగులుతున్న చప్పుడు మళ్ళీ వినిపించింది.

"అమ్మాయ్, నేను రాలేను. ఇక్కడ నా చేతులు కుక్క పొట్టలో ఉండాయి. నువ్వే తియ్యాల."

"నాకు భయమైతున్నది అక్కా. నా చేతిల పోతే?"

అప్పుడు నాకు అర్థమైంది. అన్ని రోజులూ ఆమె భయం అరిష్టం గురించి కాదు.

"నువ్వు తియ్యకపోతే పెట్టెలో పోతుంది. నీ చేతిలోనైతే బతకొచ్చు. తియ్యి."

ఏదో పడిన చప్పుడు. తర్వాత ఊపిరి. "తీసిన. తీసిన అక్కా. కాలుతున్నది."

డాక్టరమ్మ హిందీలో చెప్పింది, ఆమె చేతులు కుట్లు వేస్తూనే ఉన్నాయి. "చల్లని నీళ్ళు వద్దు, ఐసు అసలే వద్దు. మామూలు నీళ్ళు. కొంచెం కొంచెంగా పోస్తూ ఉండు. తల మునగనీయకు."

"నల్లా నీళ్ళు సలసల మసులుతున్నయి మేడమ్!"

నిజమే. దుబాయ్ వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. మాకు మామూలు నీళ్ళంటే తాగే నీళ్ళ క్యానే. అది ఆపా గదిలో ఉంటుంది.

"ఆపాను పిలువు," అన్నాను.

"తిడ్తది."

"తిట్టనీ!"

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేయడానికి నాకు చేతులు లేవు. ఆ కుక్క కుట్లు అయ్యేదాకా, అది మత్తు నుంచి లేచి తోక కదిలించేదాకా, నేను కదలడానికి లేదు. ఒక్కసారి దారం తప్పు మందానిది అందించాను. డాక్టరమ్మ దాన్ని వెనక్కి ఇచ్చింది. కుక్క కళ్ళు తెరవగానే, "యల్లా, వెళ్ళు," అంది.

ఇంటికి పరుగున వచ్చాను. గదిలో ఎవరూ లేరు. పెట్టె తలకిందులుగా పడి ఉంది. బాత్రూంలో లేరు. వంటింట్లో మాటలు వినిపించాయి.

ఫ్లాటు మొత్తంలో ఎండ పడని చోటు వంటిల్లే. నేల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆపా పండగకు బిర్యానీ చేసే పెద్ద తపేలా. ఆపా అట్టముక్కతో విసురుతోంది. చెల్లెమ్మ ఒక అరచేతిని నీళ్ళలో ఉంచి, రెండో చేత్తో గ్లాసు నుంచి నీళ్ళు వదులుతోంది.

"బస్ కరో, మునిగిపోతుంది!" అంటోంది ఆపా.

"మునగది ఆపా, నా చెయ్యి కిందున్నది."

ఆ చేతి మీద తాబేలు ఉంది. తల పైకెత్తి, మెడ నిండా చాచి, ఆపా అట్టముక్క ఎటు కదిలితే అటు చూస్తోంది.

చెల్లెమ్మ నన్ను చూసి లేవబోయి, చేయి కదపలేక అలాగే ఉండిపోయింది. ముఖమంతా చెమటా కన్నీళ్ళూ. "అక్కా, మొదట బట్ట లెక్క వాలిపోయింది. అయిపోయింది అనుకున్న. నీళ్ళు పోస్తనే ఉన్న. ఇగ చూడు, నా చెయ్యిని తన్నింది. గోర్లతోటి తన్నింది!"

నేను వాళ్ళ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆపా విసరడం ఆపలేదు.

"ఆ తపేలా ఇక వంటకు పనికిరాదు ఆపా," అన్నాను చివరికి.

"మాలూమ్. అది దానిదే," అంది ఆపా.

ఆ తర్వాతి వారం చెల్లెమ్మకు విమానంలో చోటు ఉందని ఫోన్ వచ్చింది. అంతకు ముందురోజే డాక్టరమ్మ నన్ను అడిగింది, వార్డుకు మనిషి కావాలి, ఫోన్‌లో ఏడుస్తూ కూడా చెప్పింది చెప్పినట్టు చేసిన ఆ అమ్మాయి ఖాళీగా ఉందా అని. చెల్లెమ్మకు రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పాను. రాత్రంతా ఆలోచించి చెబుతానంది. కానీ అన్నం కలుపుతూనే, "కుక్కలను ముట్టాల్నా అక్కా?" అని అడిగింది. ముట్టాలన్నాను. "ముడ్త," అంది. పాత కంపెనీ వాళ్ళు ఖలాస్ అనేశారు, వీసా మార్పుకు కొంతకాలం పట్టింది. ఆ పనులన్నీ అయ్యేదాకా ఆపా ఆమెను గది అద్దె గురించి ఒక్క మాట అడగలేదు.

వానపాములతో, నత్తలతో తాబేలు అరచేతికి సరిపోయేంత అయింది. ఒక ఉదయం నేను పెట్టె కడగబోతుంటే అది తల లోపలికి లాక్కుంది. చిప్ప అడుగున ముందు భాగం కొద్దిగా పైకి లేచింది. తలుపు వేసుకోవడం అదే మొదటిసారి. సరిగ్గా పడలేదు. ముక్కు బయటే ఉండిపోయింది. అయినా తను పూర్తిగా మూసుకున్నట్టే ధీమాగా కూర్చుంది. మేం దాన్ని ఆ ధీమాతోనే ఉండనిచ్చాం.

కబురు శీతాకాలంలో వచ్చింది. అల్ ఐన్ వైపు ఒక జంతు సంరక్షణ కేంద్రం దాన్ని తీసుకుంటుందని. దాని జాతివే మరికొన్ని అక్కడ ఉన్నాయి, పట్టుబడ్డవీ, వదిలేయబడ్డవీ. చెల్లెమ్మకు అది నచ్చలేదు. "మనం సాకినం గదా. ఈడనే ఉంటే ఏమైతది? లేకుంటే ఏదన్నా చెరువుల ఇడువుండ్రి." డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. ఇక్కడి చెరువులు దానివి కావు, ఇక్కడి ఎండ దానిది కాదు, మన గదిలో ఎంత బాగా చూసినా దానికి తన జాతి ముఖం కనబడదు అని. చెల్లెమ్మ చాలాసేపు తల దించుకుని విని, "నాకు తెల్సు మేడమ్. ఊకెనే అడిగిన," అంది.

వాళ్ళు వచ్చి తీసుకెళ్ళిన రోజు నేను ఏడవలేదు. ఏడ్చింది ఆపా.

నేను రిటైరయ్యి నెల్లూరు వచ్చేసే ముందు, ఒక శుక్రవారం, అల్ ఐన్ వెళ్ళాం. మాలీ తన నర్సరీ వాళ్ళ బండి అడిగి తెచ్చాడు. చెల్లెమ్మ అప్పటికి మా వార్డు మొత్తం తనే చూసుకుంటోంది. దారంతా ఒక మొండి పిల్లికి తను మందు ఎలా మింగించిందో చెబుతూనే ఉంది. ఆపా మోకాళ్ళ నొప్పులని రాలేదు గానీ, డబ్బా నిండా బిర్యానీ కట్టించింది.

కేంద్రంలో ఒక కాపరి మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళాడు. నీడ పందిరి కింద, పచ్చటి మొక్కల మధ్య, చిన్న మడుగు. అప్పుడే తిండి వేశారు. మడుగు ఒడ్డున నల్లటి చిప్పలు, పసుపు చారల తలలు. ఏడెనిమిది ఉంటాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఒకదాని నోటిలోది ఇంకొకటి లాక్కుంటూ తింటున్నాయి.

"అగో, అది!" అన్నాడు మాలీ, మడుగు అంచున ఉన్నదాన్ని చూపిస్తూ.

నాకు రాయి మీదున్నది మాదే అనిపించింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నదాన్ని కదా, గట్టిగానే చెప్పాను. చెల్లెమ్మ ఇంకోదాన్ని చూపించింది. ముగ్గురం మూడు వేళ్ళు మూడు వైపులకు చూపిస్తూ నిలబడ్డాం.

కాపరి నవ్వాడు. "పెరిగాక గుర్తుపట్టడం కష్టం. కావాలంటే ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూస్తాను. అంచున పాత చీలిక ఆనవాలు ఉంటుంది," అని హిందీలో చెప్పి, చేతులకు తొడుగులు వేసుకోబోయాడు.

చెల్లెమ్మ అతని చేయి ఆపింది. కళ్ళు మాత్రం మడుగు మీదినుంచి తిప్పలేదు.

"వద్దు భయ్యా," అంది. "తిననియ్యి."